గేట్‌వేలో బీబీఆర్ పెట్టినా అప్‌లోడ్ 5 ఎంబీపీఎస్ దాటడం లేదు, కెర్నెల్‌లో ఇంకేం మార్చాలి?

పలక_పాలిష్, చీమకుర్తి

గ్రానైట్ యూనిట్‌లో పాలిష్ అయిన ప్రతి పలకకూ ఫొటో తీసి ముంబైలో ఉన్న సర్వర్‌కు పంపాలి. ఒక్కో ఫొటో 40 ఎంబీ, రోజుకు 400 దాకా వస్తాయి. అంటే 16 జీబీ. లైను 100 ఎంబీపీఎస్ ఫైబర్, ఎక్కడానికీ దిగడానికీ అదే వేగం, పీపీపీఓఈ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో డయల్ అయ్యే) కనెక్షన్. అయినా అప్‌లోడ్ 5 దగ్గరే ఆగిపోతోంది. ఆ లెక్కన రోజు సరుకు ఎక్కడానికి 7 గంటలు పడుతోంది.

షెడ్డులో ఉబుంటు 22.04 మిషన్ ఉంది, కెర్నెల్ 5.15. అందులో డాకర్ కంటైనర్ (ప్రోగ్రాంను మిగతా మిషన్ నుంచి విడిగా నడిపే డబ్బా), కంటైనర్‌లో ఎస్ఎస్‌హెచ్ (గుప్త కనెక్షన్) మీద ఆర్‌సింక్ (ఫైళ్లు పంపే ప్రోగ్రాం). దాని ముందు గేట్‌వేగా ఫ్యాన్ లేని చిన్న పీసీ, సొంతంగా కంపైల్ చేసిన కెర్నెల్ 6.6, పని న్యాట్ (లోపలి మిషన్ల అడ్రసులను బయటి అడ్రసుగా మార్చడం) మాత్రమే. ముంబైకి పింగ్ 30 మిల్లీసెకన్లు, ఎంటీఆర్ టూల్‌తో దారిని పరీక్షిస్తే చివరి హాప్ (మజిలీ) దగ్గర 1 శాతం లాస్, అంటే ప్యాకెట్లు పోతున్నాయి.

గేట్‌వేలో కంజెషన్ కంట్రోల్‌ను (ఎంత వేగంగా పంపాలో తేల్చే టీసీపీ అల్గారిథం) బీబీఆర్‌కు మార్చబోతే మొదట "నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ" అంది. కెర్నెల్ మళ్లీ కంపైల్ చేశాక తీసుకుంది. ఇప్పుడు అందుబాటు జాబితాలో రీనో, క్యూబిక్, బీబీఆర్ మూడూ కనిపిస్తున్నాయి. స్పీడ్ మాత్రం అరంగుళం కూడా కదల్లేదు. కెర్నెల్ ఆప్షన్లలో ఏదైనా వదిలేశానా? ఆర్‌మెమ్, డబ్ల్యూమెమ్ (అందుకునే, పంపే బఫర్లు) 64 ఎంబీకి పెంచమని ఒక వీడియోలో చెప్పారు, పెంచమంటారా?

---

కావలి_కెర్నెల్

అన్నా, మీ కంపైల్ బాగానే ఉంది. పెట్టిన చోటే తప్పు.

కంజెషన్ కంట్రోల్ పనిచేసేది టీసీపీ కనెక్షన్ ఎక్కడ మొదలవుతుందో ఆ మిషన్‌లో, అదీ డేటా పంపే వైపు. మీ కనెక్షన్‌కు ఒక కొస షెడ్డులోని కంటైనర్, రెండో కొస ముంబై సర్వర్. గేట్‌వే మధ్యలో ప్యాకెట్‌ను అందుకుని, అడ్రసు మార్చి, అవతలికి తోసేస్తుందంతే. ఆ ప్యాకెట్ ఏ విండోలోది (విండో అంటే జవాబు రాకముందే పంపగలిగినన్ని ప్యాకెట్లు), ఇంకెన్ని పంపొచ్చు అన్న లెక్క దానికి తెలియదు, అవసరమూ లేదు. అక్కడ బీబీఆర్ పెడితే గేట్‌వే సొంతంగా తెరిచే కనెక్షన్లకే, అంటే అది తెచ్చుకునే అప్‌డేట్లలాంటి వాటికే వర్తిస్తుంది. అవి కూడా ఎక్కువగా డౌన్‌లోడ్లే, వాటి వేగం తేల్చేది అవతలి సర్వర్.

కాబట్టి మార్చాల్సింది ఉబుంటు మిషన్‌లో. అక్కడ కంపైల్ పనే లేదు, ఉబుంటు కెర్నెల్‌తో పాటే బీబీఆర్ మాడ్యూల్‌గా వస్తుంది. చాలామంది తడబడేది ఇక్కడే: టీసీపీ_అవైలబుల్_కంజెషన్_కంట్రోల్ చూస్తే "రీనో క్యూబిక్" అని రెండే ఉంటాయి, లేదనుకుని కెర్నెల్ కట్టడానికి కూర్చుంటారు. ఆ జాబితా చూపేది అప్పటికే మెమరీలోకి ఎక్కినవాటినే. డిస్క్ మీద ఉన్న మాడ్యూల్ ఎక్కేదాకా అందులో కనిపించదు.

కమాండ్లు పలికినట్టే రాస్తున్నా, కొట్టేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టుకోండి. చుక్క, కింది గీత, అడ్డగీత ఉన్నవి ఉన్నట్టే.

సుడో మోడ్‌ప్రోబ్ టీసీపీ_బీబీఆర్
సుడో సిస్‌సీటీఎల్ -డబ్ల్యూ నెట్.కోర్.డిఫాల్ట్_క్యూడిస్క్=ఎఫ్‌క్యూ
సుడో సిస్‌సీటీఎల్ -డబ్ల్యూ నెట్.ఐపీవీ4.టీసీపీ_కంజెషన్_కంట్రోల్=బీబీఆర్

రూట్‌గా మూడో లైను కొడితే మాడ్యూల్ దానంతటదే ఎక్కుతుంది, అయినా మొదటి లైను ఉంచండి. అసలు మాడ్యూల్ ఉందో లేదో అక్కడే తేలిపోతుంది. రీబూట్ తర్వాత కూడా నిలవాలంటే కింది రెండు లైన్లలో "నెట్." నుంచి చివరిదాకా ఉన్న భాగాన్ని ఈటీసీ కింద సిస్‌సీటీఎల్.డీ ఫోల్డర్‌లో .కాన్ఫ్‌తో ముగిసే ఒక ఫైల్‌గా పెట్టండి.

రెండు సంగతులు గుర్తుంచుకోండి. ఈ మార్పు కొత్త కనెక్షన్లకే. నడుస్తున్న ఎస్ఎస్‌హెచ్ సెషన్ పాత క్యూబిక్‌తోనే పోతుంది, ఎస్ఎస్‌హెచ్‌లో కంట్రోల్‌మాస్టర్ వాడుతుంటే ఆ పాత కనెక్షన్ మీదే గంటల తరబడి ఆర్‌సింక్‌లు సాగుతాయి. దాన్ని మూసి మళ్లీ తెరవాలి. అట్టాగే డిఫాల్ట్_క్యూడిస్క్ (ప్యాకెట్లను క్యూలో నిలిపే పద్ధతి, ఎఫ్‌క్యూ అలాంటిదొకటి) మార్చినంత మాత్రాన ఇప్పటికే లేచి ఉన్న ఈథర్నెట్ కార్డు క్యూ మారదు. రీబూట్ చేయండి, లేదా "టీసీ క్యూడిస్క్ రీప్లేస్ డెవ్" తర్వాత కార్డు పేరు, "రూట్ ఎఫ్‌క్యూ" అని నేరుగా పెట్టండి. కెర్నెల్ 4.13కు ముందు బీబీఆర్‌కు ఎఫ్‌క్యూ తప్పనిసరి, ప్యాకెట్లను సమయం చూసి వదిలే పని అదే చేసేది. 4.13 నుంచి టీసీపీయే ఆ పని చేసుకోగలదు. అయినా పంపే మిషన్‌లో ఎఫ్‌క్యూ ఉంటే సీపీయూ మీద భారం తగ్గుతుంది.

ఇక మీరడిగిన కెర్నెల్ ఆప్షన్లు. గేట్‌వేకు ఇప్పుడు అక్కర్లేకపోయినా సొంతంగా కెర్నెల్ కట్టుకునే వాళ్లకు పనికొస్తాయి. మెనూకాన్ఫిగ్‌లో (కెర్నెల్ ఆప్షన్లు ఎంచుకునే మెనూ) నెట్‌వర్కింగ్ సపోర్ట్, దాని కింద నెట్‌వర్కింగ్ ఆప్షన్స్, అందులో "టీసీపీ: అడ్వాన్స్‌డ్ కంజెషన్ కంట్రోల్". ఇది ఆఫ్‌లో ఉంటే కెర్నెల్‌లో క్యూబిక్, రీనో మాత్రమే ఉంటాయి, మిగతావేవీ మెనూలో కనిపించనే కనిపించవు. ముందు దాన్ని ఆన్ చేయాలి, అప్పుడు కింద బీబీఆర్, వెస్ట్‌వుడ్, హెచ్‌టీసీపీ, వేగాస్, ఇల్లినాయ్, డీసీటీసీపీ వరుస తెరుచుకుంటుంది. బీబీఆర్‌ను ఎం అని పెడితే మాడ్యూల్, వై అని పెడితే కెర్నెల్‌లోనే కలిసిపోతుంది. అక్కడే కింద "డిఫాల్ట్ టీసీపీ కంజెషన్ కంట్రోల్" అనే ఎంపిక ఉంటుంది. వై పెట్టినవే అందులోకి వస్తాయి. ఎం పెట్టి "డిఫాల్ట్‌లో బీబీఆర్ ఎందుకు లేదు" అని వెతుక్కోవద్దు, కెర్నెల్ లేచే క్షణానికి మాడ్యూల్ ఇంకా చేతిలో ఉండదు కాబట్టి దాన్ని డిఫాల్ట్ చేయనివ్వదు.

నా సలహా: క్యూబిక్ వై, బీబీఆర్ ఎం, డిఫాల్ట్ క్యూబిక్. ఏది వాడాలో సిస్‌సీటీఎల్‌తో తేల్చుకోవచ్చు, ఆ ఒక్క పదం కోసం కెర్నెల్ తిరిగి కట్టే పని ఉండదు. ఎం పెట్టినప్పుడు మేక్ మాడ్యూల్స్_ఇన్‌స్టాల్ మరిచిపోతే మీరు మొదట చూసిన "నో సచ్ ఫైల్" మాటే వస్తుంది. ఫైల్ అన్నారని ఫైల్ కోసం వెతక్కండి, ఆ పేరుతో అల్గారిథం దొరకలేదని దాని అర్థం.

డీసీటీసీపీని మాత్రం ఇంటర్నెట్ లైను మీద ముట్టుకోకండి. దారిలో ఉన్న స్విచ్‌లన్నీ ఈసీఎన్ గుర్తు (రద్దీ ఉందన్న సూచన) వేసే డేటా సెంటర్ లోపలికే అది తగినది.

---

పెన్నా_ప్యాకెట్, నెల్లూరు

కావలి అన్న చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. కానీ బీబీఆర్ పెట్టే ముందు ఆ 1 శాతం లాస్ సంగతి తేల్చండి. ఫైబర్ లైనులో 1 శాతం అంటే చాలా ఎక్కువ. బీబీఆర్ దాన్ని కప్పేస్తుంది, బాగుచేయదు.

లెక్క చూడండి. పీపీపీఓఈలో ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం) 1492, హెడర్లూ టైమ్‌స్టాంపూ పోగా ఒక ప్యాకెట్‌లో 1440 బైట్లు, అంటే 11,520 బిట్లు. ఆర్‌టీటీ (ప్యాకెట్ వెళ్లి జవాబు వచ్చే సమయం) 0.03 సెకన్లు. లాస్‌ను చూసి వెనక్కి తగ్గే టీసీపీకి సగటు విండో దాదాపు 1.22ను లాస్ వర్గమూలంతో భాగిస్తే వచ్చేంత. 1 శాతానికి వర్గమూలం 0.1, కాబట్టి 12 ప్యాకెట్లు. ప్రతి 30 మిల్లీసెకన్లకు 12 ప్యాకెట్లు వెళ్తే దాదాపు 4.6 ఎంబీపీఎస్. మీకొస్తున్న 5 ఇదే. లైను నిండాలంటే ఒకేసారి గాల్లో ఉండాల్సినవి 100 ఎంబీపీఎస్ ఇంటూ 0.03 సెకన్లు, అంటే 3,75,000 బైట్లు, 260 ప్యాకెట్లు. 260 మోయగలిగే దారిలో 12 నడుస్తున్నాయి.

అదే సూత్రాన్ని తిరగేస్తే ఒక్క కనెక్షన్‌తో లైను నిండాలంటే లాస్ 45 వేల ప్యాకెట్లకు ఒకటికి మించకూడదు. క్యూబిక్ పొడవాటి దారుల్లో రీనో కంటే చురుకైనదే, కానీ 30 మిల్లీసెకన్ల వంటి చిన్న ఆర్‌టీటీలో, ఇంత లాస్‌లో, దాని వంపు రీనో గీత కంటే కిందికి పడిపోతుంది. అప్పుడది రీనో లెక్కతోనే నడుస్తుంది. అందుకే ఈ పాత సూత్రం మీకు అతికినట్టు సరిపోయింది.

దీన్నిబట్టే 64 ఎంబీ బఫర్ సంగతీ తేలిపోతుంది. మీకు కావల్సింది 375 కేబీ. టీసీపీ_డబ్ల్యూమెమ్‌లో మూడో అంకె మామూలుగా 4 ఎంబీ ఉంటుంది, కెర్నెల్ అవసరాన్నిబట్టి అక్కడిదాకా తానే పెంచుకుంటుంది. ఆ వీడియోలు 10 జీబీపీఎస్ లైనుతో వేరే ఖండానికి పంపే వాళ్లకు పనికొచ్చేవి. పెంచితే స్పీడ్ రాదు, మెమరీ మాత్రం పోతుంది. వదిలేయండి.

లాస్ ఎక్కడుందో చూడటానికి: ఎంటీఆర్‌ను 1000 ప్యాకెట్లతో నడపండి. మధ్య హాపుల్లో 20, 30 శాతం కనిపించి చివర్లో సున్నా ఉంటే అది లాస్ కాదు, ఆ రౌటర్లు ఐసీఎంపీ (పింగ్ వంటి పరీక్షల) జవాబులు తగ్గించి ఇస్తున్నాయంతే. ఒక హాప్ దగ్గర మొదలై చివరిదాకా కొనసాగితేనే నిజమైన లాస్. మీకు మొదటి బయటి హాప్ నుంచే ఉందా? అయితే ఈథ్‌టూల్ -ఎస్ (పెద్దక్షరం) తో గేట్‌వే కార్డులో సీఆర్‌సీ ఎర్రర్లు (చెడిపోయి వచ్చిన ప్యాకెట్లు) పెరుగుతున్నాయేమో చూడండి. అక్కడ సున్నా అయితే ఓఎన్‌టీ (ఫైబర్ వచ్చి చేరే పెట్టె) పేజీ తెరిచి ఆప్టికల్ ఆర్‌ఎక్స్ పవర్ (అందుతున్న కాంతి) చదవండి. మామూలు జీపాన్ (ఇళ్లకు వచ్చే ఫైబర్ రకం) ఓఎన్‌టీకి మైనస్ 27 డీబీఎం దగ్గర హద్దు. మైనస్ 15 నుంచి 24 మధ్య ఉంటే నిశ్చింత. హద్దు దగ్గరుంటే లైను తెగదు, లైటు ఎర్రగా మారదు, ప్యాకెట్లు మాత్రం అక్కడక్కడా చచ్చిపోతుంటాయి.

చీమకుర్తి అంటున్నారు కాబట్టి ముందు పచ్చ రంగు కనెక్టర్‌నే అనుమానించండి. కోత యంత్రాల దగ్గర ఎగిరే రాతి పొడి సన్నటిది, ఫైబర్ కోర్ మందం 9 మైక్రాన్లే, దాని మీద ఒక్క రేణువు కూర్చున్నా కాంతి తగ్గుతుంది. పైగా గ్రానైట్ గట్టిది, తుడవకుండా తీసి పెడుతుంటే గాజు ముఖం గీరుకుపోతుంది. ఓఎన్‌టీ ఆపి, కనెక్టర్ తీసి, పోగులు రాలని పొడి వైప్‌తో ఒకే దిశలో తుడవాలి. జిడ్డుంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్, ఆ వెంటనే పొడి వైప్. చొక్కా అంచుతో వద్దు, నోటితో ఊదొద్దు. కొసలోకి కంటితో చూడొద్దు, ఆ కాంతి కంటికి కనబడదు గానీ హాని చేస్తుంది. ఓఎన్‌టీ పేజీలో కనిపించేది దిగే వైపు 1490 నానోమీటర్ల కాంతి మాత్రమే. ఎక్కే వైపు 1310 కాంతి ఎంత చేరుతోందో అవతలి ఓఎల్‌టీలోనే (సర్వీస్ వాళ్ల వైపు పెట్టె) తెలుస్తుంది, ఆ అంకె సర్వీస్ వాళ్లను అడగాలి. మీ బాధ ఎక్కే వైపే గనక తప్పకుండా అడగండి.

---

పలక_పాలిష్, చీమకుర్తి

ఇద్దరికీ ధన్యవాదాలు. ఉబుంటు మిషన్‌లో బీబీఆర్ పెట్టాను, సిస్‌సీటీఎల్‌లో బీబీఆర్ అనే చూపిస్తోంది, ఆర్‌సింక్ కూడా మళ్లీ మొదలుపెట్టాను. అయినా 5 దగ్గరే ఉంది. ఎస్ఎస్ -టీఐఎన్ (నడుస్తున్న కనెక్షన్లు చూపే కమాండ్) కొడితే ముంబై కనెక్షనే జాబితాలో లేదు!

ఓఎన్‌టీలో ఆర్‌ఎక్స్ పవర్ మైనస్ 27.4.

---

కందుకూరు_కంటైనర్

కనెక్షన్ కనిపించకపోవడంలోనే జవాబుంది. కంటైనర్‌కు తన సొంత నెట్‌వర్క్ నేమ్‌స్పేస్, అంటే హోస్ట్‌తో (అది నడిచే మిషన్‌తో) కలవని విడి నెట్‌వర్క్ ఉంటుంది. కెర్నెల్ 4.15 నుంచి టీసీపీ_కంజెషన్_కంట్రోల్ విలువ ఒక్కో నేమ్‌స్పేస్‌కు ఒక్కోటి. కంటైనర్ పుట్టిన క్షణంలో హోస్ట్‌లో ఏముందో అది తీసుకుంటుంది, తర్వాత హోస్ట్‌లో ఎన్నిసార్లు మార్చినా దానికి సోకదు. మీ కంటైనర్ క్యూబిక్ కాలంలో పుట్టింది, మీరు ఆర్‌సింక్‌ను మళ్లీ మొదలుపెట్టారు గానీ కంటైనర్‌ను కాదు.

ముందు నిర్ధారించుకోండి: డాకర్ ఎగ్జెక్, కంటైనర్ పేరు, ఆ తర్వాత క్యాట్ /ప్రాక్/సిస్/నెట్/ఐపీవీ4/టీసీపీ_కంజెషన్_కంట్రోల్. క్యూబిక్ అనే వస్తుంది చూడండి. కంటైనర్ ఆపి మళ్లీ లేపితే కొత్త నేమ్‌స్పేస్ పుట్టి బీబీఆర్ తీసుకుంటుంది. అదృష్టానికి వదలకుండా డాకర్ రన్‌లోనే --సిస్‌సీటీఎల్ నెట్.ఐపీవీ4.టీసీపీ_కంజెషన్_కంట్రోల్=బీబీఆర్ అని రాసేయడం మేలు, అప్పుడు ఈ ఒక్క కంటైనర్‌కే వర్తిస్తుంది, హోస్ట్‌ను క్యూబిక్‌లోనే ఉంచుకోవచ్చు. మాడ్యూల్ మాత్రం ముందే హోస్ట్‌లో ఎక్కి ఉండాలి, అందుకని మాడ్యూల్స్-లోడ్.డీ ఫోల్డర్‌లో టీసీపీ_బీబీఆర్ అన్న లైనుతో .కాన్ఫ్‌తో ముగిసే ఒక ఫైల్ పెట్టండి. --నెట్‌వర్క్ హోస్ట్‌తో నడిపే కంటైనర్‌కు ఈ గొడవ లేదు, అది హోస్ట్ విలువే వాడుతుంది, అక్కడ నెట్ సిస్‌సీటీఎల్ ఇస్తే డాకర్ ఒప్పుకోదు.

కనెక్షన్ చూడాలంటే కంటైనర్ పీఐడీ (ప్రాసెస్ నంబరు) తెలుసుకుని, సుడో ఎన్ఎస్ఎంటర్ -టీ పీఐడీ -ఎన్ ఎస్ఎస్ -టీఐఎన్. ఆ లైనులో క్యూబిక్ లేదా బీబీఆర్ అన్న పేరు, సీడబ్ల్యూఎన్‌డీ (విండో), ఆర్‌టీటీ, రీట్రాన్స్ (తిరిగి పంపిన ప్యాకెట్లు) ఉంటాయి. ఏది పనిచేస్తోందో చెప్పే ఒకే ఒక్క సాక్షి ఆ లైను. సిస్‌సీటీఎల్ చెప్పేది రాబోయే కనెక్షన్ల గురించి.

---

పెన్నా_ప్యాకెట్, నెల్లూరు

మైనస్ 27.4 అంటే గోడ అంచున నడుస్తున్నట్టు. బీబీఆర్ సంగతి పక్కన పెట్టి ఈ రోజే కనెక్టర్ శుభ్రం చేయించండి. దాంతో తగ్గకపోతే తీగ ఎక్కడైనా మరీ వంగి ఉందేమో చూడండి, మూరెడు తీగను బిగించి చుట్టి మేకుకు తగిలించడం మన దగ్గర మామూలే.

---

చెరువు_గట్టు, విడవలూరు

మధ్యలో ఒక సందేహం. రొయ్యల చెరువుల దగ్గర 4జీ రౌటర్, దాని వెనక 6 ఐపీ కెమెరాలు. కెమెరాలు వీడియోను నేరుగా క్లౌడ్‌కు పంపుతాయి. రాత్రిళ్లు ఏరేటర్లు ఆగాయేమో చూడాలంటే బొమ్మ బిగుసుకుపోతోంది. కెమెరాలో బీబీఆర్ పెట్టే దారి ఉందా? గేట్‌వేలో పెడితే ఉపయోగం లేదని పైన చెప్పారు.

---

కావలి_కెర్నెల్

కెమెరా ఫర్మ్‌వేర్ మన చేతిలో ఉండదు, అందులోకి దూరి మార్చే దారి లేదనే అనుకోండి. కానీ గేట్‌వే పనికిరాదన్నది అది ప్యాకెట్లు దాటించేంత వరకే. కనెక్షన్ అక్కడే ముగిసి, అక్కడి నుంచి కొత్త కనెక్షన్ మొదలైతే పంపేది గేట్‌వేయే అవుతుంది. గట్టు మీద చిన్న లైనక్స్ పెట్టె పెట్టి, ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తో కెమెరా నుంచి ఆర్‌టీఎస్‌పీ వీడియో లాక్కుని, ఎన్‌కోడ్ మళ్లీ చేయకుండా కాపీ మోడ్‌లో క్లౌడ్‌కు తోయించండి. అప్పుడు ఆ పెట్టెలో పెట్టిన బీబీఆర్ పనిచేస్తుంది.

4జీలో సంగతి కాస్త వేరు. రేడియో దగ్గర పోయిన ప్యాకెట్లను రేడియో పొరే తిరిగి పంపుకుంటుంది, అందుకని టీసీపీకి లాస్ పెద్దగా కనిపించదు, ఆలస్యం కనిపిస్తుంది. క్యూబిక్ ఆ పొడవాటి క్యూను నింపుకుంటూ పోతుంది, పింగ్ సెకన్లలోకి వెళ్తుంది, బొమ్మ బిగుసుకునేది అందుకే. బీబీఆర్ క్యూ నిండేదాకా ఆగకుండా వేగం కొలుచుకుని పంపుతుంది, ఇక్కడ నిజంగా మేలు చేస్తుంది. అయితే 6 కెమెరాల మొత్తం బిట్‌రేటు లైను మోసేదానికంటే ఎక్కువుంటే ఏ అల్గారిథమూ కాపాడదు. ముందు రాత్రిపూట ఎక్కే వేగం కొలిచి, అందులో 70 శాతానికి మించకుండా కెమెరాల బిట్‌రేటు తగ్గించండి. వీడియో టీసీపీ కాకుండా యూడీపీ మీదో, క్విక్ మీదో పోతుంటే కెర్నెల్ టీసీపీ సెట్టింగ్ దానికి అసలు తగలదని కూడా గుర్తుంచుకోండి. క్విక్‌లో కంజెషన్ కంట్రోల్ ఆ ప్రోగ్రాం లోపలే ఉంటుంది.

---

పలక_పాలిష్, చీమకుర్తి

కొలతలు ఇవి.

కంటైనర్ మళ్లీ లేపాక, కనెక్టర్ ముట్టుకోకముందు, బీబీఆర్‌తో ఒక్క కనెక్షన్ 78 ఎంబీపీఎస్. కనెక్టర్ శుభ్రం చేశాక ఆర్‌ఎక్స్ మైనస్ 21.6, ఎంటీఆర్‌లో 1000కి సున్నా లాస్. అప్పుడు తిరిగి క్యూబిక్ పెడితే ఒక్క కనెక్షన్ 80 దాటింది, నాలుగు ఆర్‌సింక్‌లు కలిపితే 93.

కొత్త చిక్కు: ఇప్పుడు లైను నిండిపోతోంది కాబట్టి అప్‌లోడ్ నడిచేటప్పుడు కొనుగోలుదారులతో వీడియో కాల్ తెగుతోంది. పింగ్ 30 నుంచి క్యూబిక్‌తో 180కి, బీబీఆర్‌తో 65కి వెళ్తోంది. బీబీఆర్‌తో రీట్రాన్స్ కూడా ఎక్కువ. ఏది ఉంచాలి?

---

కావలి_కెర్నెల్

క్యూబిక్ ఉంచండి. లాస్ పోయాక బీబీఆర్‌తో మీకు అదనంగా వచ్చే వేగం లేదు. మెయిన్‌లైన్ కెర్నెల్‌లో ఉన్నది మొదటి వెర్షన్ బీబీఆర్, అది లాస్‌ను దాదాపుగా పట్టించుకోదు. లైను తన అంచనా కంటే ఎక్కువ మోస్తుందేమోనని ఎనిమిది విడతల్లో ఒకసారి 1.25 రెట్లు పంపి చూస్తుంది, తర్వాతి విడతలో 0.75కి తగ్గుతుంది. బఫర్ చిన్నదైన చోట ఆ 1.25 పోటు నేరుగా రీట్రాన్స్‌గా మారుతుంది, పక్కన నడిచే క్యూబిక్ కనెక్షన్ల వాటా కూడా తింటుంది. లాస్ తప్పించలేని లైనుకు, 4జీకి అది మంచి మందు. శుభ్రమైన ఫైబర్‌కు అక్కర్లేదు.

కాల్ తెగడానికి మందు మీ గేట్‌వేలోనే ఉంది. ఇప్పుడు దాని వంతు వచ్చింది. విండో సంగతి పంపే మిషన్‌ది, క్యూ సంగతి ఇరుకు దగ్గర కూర్చున్న పెట్టెది. ప్రస్తుతం క్యూ ఓఎన్‌టీలోనో దాని అవతలో పేరుకుంటోంది, అక్కడ మన మాట చెల్లదు. గేట్‌వేలో లైను కంటే కాస్త తక్కువ వేగం బిగిస్తే క్యూ మన పెట్టెలోకి వస్తుంది, అక్కడ కేక్ అనే క్యూడిస్క్ దాన్ని పంచుతుంది.

కెర్నెల్‌లో కావల్సినవి: నెట్‌వర్కింగ్ ఆప్షన్స్ కింద క్యూఓఎస్ విభాగంలో కేక్, ఇంగ్రెస్ క్యూడిస్క్, మ్యాచ్‌ఆల్ క్లాసిఫయర్, మిర్‌డ్ యాక్షన్. నెట్‌వర్క్ డివైస్‌ల విభాగంలో ఐఎఫ్‌బీ (దిగే ప్యాకెట్లను క్యూలో పెట్టడానికి వాడే ఉత్తుత్తి కార్డు). అన్నీ ఎం పెడితే చాలు. కేక్ 4.19 నుంచి మెయిన్‌లైన్‌లో ఉంది, మీ 6.6కు ప్యాచ్‌లేమీ అక్కర్లేదు.

ఎక్కే వైపు:
టీసీ క్యూడిస్క్ రీప్లేస్ డెవ్ పీపీపీ0 రూట్ కేక్ బ్యాండ్‌విడ్త్ 90ఎంబిట్ న్యాట్ డ్యూయల్-ఎస్ఆర్‌సీహోస్ట్ ఓవర్‌హెడ్ 44

న్యాట్ అన్న మాట వదలకండి. అది లేకపోతే బయటికి పోయే ప్యాకెట్లన్నీ కేక్‌కు ఒకే అడ్రసు నుంచి వచ్చినట్టు కనిపిస్తాయి, షెడ్డు మిషన్‌కూ ఆఫీసు ల్యాప్‌టాప్‌కూ తేడా తెలియదు. అది ఉంటే ముందు మిషన్ల వారీగా, ఆ తర్వాత కనెక్షన్ల వారీగా పంచుతుంది. నాలుగు ఆర్‌సింక్‌లు నడిపినా షెడ్డు మిషన్‌కు ఒక వాటానే. ఓవర్‌హెడ్ 44 కాస్త ఎక్కువే, ఎక్కువైతే కొంచెం వేగం పోతుందంతే, తక్కువైతే క్యూ తిరిగి ఓఎన్‌టీలోకి జారుతుంది.

యూనిట్ దగ్గర జాగ్రత్త. టీసీలో ఎంబిట్ అంటే మెగాబిట్లు, ఎంబీపీఎస్ అని రాస్తే సెకనుకు మెగాబైట్లు. 90ఎంబీపీఎస్ అని కొడితే 720 మెగాబిట్ల దగ్గర బిగించినట్టు, అంటే బిగించనట్టే. కేక్ పెట్టినా తేడా లేదనే వాళ్లలో చాలామంది ఇక్కడే పడతారు.

దిగే వైపు కూడా ఇబ్బంది ఉంటేనే ఐఎఫ్‌బీ పెట్టండి: పీపీపీ0కు ఇంగ్రెస్ క్యూడిస్క్, దాని మీద మ్యాచ్‌ఆల్ ఫిల్టర్‌తో మిర్‌డ్ రీడైరెక్ట్ ఐఎఫ్‌బీ0కు, ఐఎఫ్‌బీ0 మీద కేక్ 90ఎంబిట్, ఇంగ్రెస్, న్యాట్, డ్యూయల్-డీఎస్‌టీహోస్ట్. మీ కాల్స్ తెగేది అప్‌లోడ్ వల్లే కాబట్టి ముందు ఎక్కే వైపుతో ఆపి చూడండి.

గేట్‌వేలో ఎఫ్‌క్యూ మాత్రం పెట్టొద్దు. అది పంపే మిషన్‌కు తగిన క్యూ. ప్యాకెట్లు దాటించే పెట్టెకు కేక్ లేదా ఎఫ్‌క్యూ_కోడెల్.

---

కందుకూరు_కంటైనర్

ఒకటి చేరుస్తున్నా. లైను తెగి పీపీపీఓఈ మళ్లీ డయల్ అయినప్పుడు పీపీపీ0 కొత్తగా పుడుతుంది, దాని మీద పెట్టిన కేక్ పోతుంది. రెండు రోజులు బాగుండి మూడో రోజు కాల్స్ తెగడం మొదలైతే ఇదే కారణం. ఆ టీసీ లైనును ఈటీసీ/పీపీపీ/ఐపీ-అప్.డీ ఫోల్డర్‌లో స్క్రిప్ట్‌గా పెట్టి, ఎగ్జిక్యూట్ అనుమతి ఇవ్వండి.

క్యూబిక్, బీబీఆర్‌లను లాస్ ఉన్న లైను మీద పోల్చి చూడాలని ఎవరికైనా ఉంటే నెట్‌ఎమ్‌ను (కావాలని లాస్ పుట్టించే క్యూడిస్క్) పంపే మిషన్‌లో పెట్టకండి. అదే మిషన్‌లో పడేసిన ప్యాకెట్ సంగతి పైనున్న టీసీపీకి వెంటనే తెలిసిపోతుంది, నిజమైన లాస్‌లా ఉండదు. నెట్‌ఎమ్ గేట్‌వేలో ఉండాలి, ఐపెర్ఫ్3 (వేగం కొలిచే టూల్) షెడ్డు మిషన్‌లో ఉండాలి. ఐపెర్ఫ్3కు -సీ పెద్దక్షరంతో అల్గారిథం పేరు ఇవ్వొచ్చు, సిస్టమ్ మొత్తం మార్చక్కర్లేదు. మాడ్యూల్ ముందే ఎక్కి ఉండాలి, మామూలు యూజర్ అడిగితే కెర్నెల్ దాన్ని ఎక్కించదు.

---

పలక_పాలిష్, చీమకుర్తి

కేక్ 90ఎంబిట్‌తో పెట్టాను, స్క్రిప్ట్ ఐపీ-అప్.డీలో ఉంది, పీపీపీఓఈ తెంపి కలిపి చూశాను, నిలిచింది. కంటైనర్‌లో క్యూబిక్. నాలుగు ఆర్‌సింక్‌లు నడుస్తుండగా అప్‌లోడ్ 84, ఆఫీసు ల్యాప్‌టాప్ నుంచి ముంబైకి పింగ్ 33. 16 జీబీ ఎక్కడానికి 26 నిమిషాలు పట్టింది, ఆ మధ్యలో కాల్ ఒక్కసారి కూడా తెగలేదు. ఎక్కే వైపు కాంతి అంకె కోసం సర్వీస్ వాళ్లకు కంప్లైంట్ పెట్టాను, చెప్పగానే ఇక్కడే రాస్తాను.